ఆకాశానికి పాత పహాణీ

భూపాలపల్లి గనుల్లోంచి ఇవాళ పైకొస్తున్న బొగ్గు ఒకప్పటి అడవి. పాతిక ముప్పై కోట్ల ఏళ్ల కింద గోదావరి లోయ చిత్తడి నేలల్లో పెరిగిన చెట్లు కూలి, మట్టిలో పూడి, నలిగి బొగ్గయ్యాయి. ఆ చెట్ల కాలంలోనే ఎక్కడో దాదాపు 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న నాలుగు గెలాక్సీల నుంచి కొంత వెలుగు బయలుదేరింది. అది దారిలో ఉండగానే ఇక్కడి అడవి బొగ్గుగా మారింది, రాక్షసబల్లులు పుట్టి అంతరించాయి, చివరికెప్పుడో పాండవుల గుట్ట రాతి గోడల మీద మనుషులు రంగులతో బొమ్మలు గీశారు. ఆ వెలుగును జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తన 6.5 మీటర్ల అద్దంతో పట్టింది. 2022 జూలై 12న లోకానికి చూపిన తొలి చిత్రాల్లో అదొకటి. 1877లో ఎడ్వార్డ్ స్టెఫాన్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త కనిపెట్టిన గుంపు కాబట్టి దానికి స్టెఫాన్ పంచకమని పేరు. పేరుకు తగ్గట్టు చిత్రంలో ఐదు గెలాక్సీలు భుజాలు రాసుకుంటూ కనిపిస్తాయి. కానీ వాటిలో నాలుగే నిజమైన ఇరుగుపొరుగు. ఐదోది మనకు 4 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉంది. ఊరి చివరి తాటిచెట్టు వెనక ఎక్కడో ఉన్న గుట్ట దానికి ఆనుకుని ఉన్నట్టు కనిపించడం లాంటిదే ఇది. చిత్రాన్ని ఎంతసేపు చూసినా ఈ తేడా తెలియదు.

అంతరిక్ష టెలిస్కోపుల గురించి మనం చెప్పుకునే కథలో లోపం ఇక్కడే ఉంది. 1990 ఏప్రిల్‌లో హబుల్ పైకి వెళ్లింది, 2021 డిసెంబరులో వెబ్ వెళ్లింది, వాటితో లోతైన ఆకాశం మన కళ్ల ముందు తెరుచుకుంది అంటాం. తెరుచుకున్న మాట నిజమే, కాని ఆ లోతు అద్దంలోంచి రాలేదు. దగ్గరి నక్షత్రాల దూరం కొలిచి, దాని ఆధారంగా మిణుకుమిణుకుమనే సెఫీడ్ నక్షత్రాల దూరం, దాని మీద పేలిపోయే నక్షత్రాలవి, ఆపైన గెలాక్సీలవి, ఇలా మెట్టు మీద మెట్టుగా లెక్క కడితేనే 29 కోట్లు, 4 కోట్లు అనే అంకెలు పుడతాయి. అట్టడుగు మెట్టు నక్షత్రాల స్థానం, కదలిక. ఇక్కడ నేను చెప్పదలచింది ఒక్కటే: ఆ అట్టడుగు మెట్టులో కొన్ని రాళ్లు హైదరాబాదులో చెక్కినవి. అంతరిక్ష టెలిస్కోపుల చరిత్రను రాకెట్టు ఎగిరిన రోజు నుంచి రాస్తే ఆ రాళ్లు కనిపించవు.

జనగామ వైపు ఏ ఊళ్లో గట్టు తగాదా వచ్చినా పెద్దమనుషులు మొదట అడిగేది పాత పహాణీ. 1954–55 నాటి ఖాస్రా పహాణీలో ఏముందన్నది ఇప్పటికీ ఎన్నో భూమి కేసుల్లో కీలకం. ఇవాళ ఉపగ్రహ సాయంతో కొలిచే యంత్రాలు గట్టు ఎక్కడుందో అంగుళం తేడా లేకుండా చెబుతాయి. అయితే ఆ గట్టు జరిగిందా, ఎటు జరిగింది, ఎన్నేళ్లలో జరిగింది అన్న ప్రశ్నలకు వాటి దగ్గర జవాబు లేదు. దానికి పాత కొలతే కావాలి. గొలుసుతో కొలిచిన ముతక కొలతైనా సరే, దాన్ని మళ్లీ పుట్టించడం ఎవరివల్లా కాదు. నక్షత్రాల సంగతీ అంతే. కృత్తికలను పిల్లలకోడి అని పిలిచి వాటిని బట్టి రాత్రి ఎంత గడిచిందో చెప్పిన మన పల్లె పెద్దలకు అవి కదలని గుర్తులు. నిజానికి ప్రతి నక్షత్రమూ తన దారిన పోతూనే ఉంది. ఆ సొంత కదలిక ఎంత చిన్నదంటే ఒక తరం మనిషికి కంటితో పట్టుబడదు.

1887 ఏప్రిల్‌లో పారిస్‌లో కూడిన ఖగోళవేత్తలు పూనుకున్నది ఇలాంటి పహాణీకే. ఆకాశాన్ని అడ్డంగా పట్టీలుగా చీల్చి, ఒక్కో పట్టీని ఒక్కో వేధశాలకు అప్పగించి, అందరూ ఒకే కొలబద్దతో గాజు పలకల మీద ఫొటోలు తీసి, నక్షత్రాల స్థానాలు కొలిచి అచ్చువేయాలన్నది ఒప్పందం. గ్రీనిచ్, వాటికన్, ఆక్స్‌ఫర్డ్, పారిస్, అల్జీర్స్, సిడ్నీ అందులో ఉన్నాయి. హైదరాబాదు మొదటి జాబితాలో లేదు. దక్షిణాన మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ చిలీ రాజధాని శాంటియాగో వాటాకు వచ్చింది. అక్కడ పని సాగలేదు. అదే కాలంలో ఇక్కడ నవాబ్ జఫర్ జంగ్ అనే సంపన్నుడు ఇంగ్లండు నుంచి గ్రబ్ కంపెనీ 15 అంగుళాల టెలిస్కోపు కొనుక్కొచ్చి, 1901లో ఫిసల్‌బండ దగ్గర తన ఎస్టేటులో వేధశాల పెట్టాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడి అది. మనం మానుకోట అనుకునే మహబూబాబాద్ పేరులో ఉన్నది ఆ పేరే. పాలకుడి గౌరవార్థం వేధశాలకు నిజామియా అని పేరు పెట్టారు. జఫర్ జంగ్ 1907లో పోయాడు. మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన 1908లోనే ప్రభుత్వం వేధశాలను తన చేతిలోకి తీసుకుంది. ఆర్థర్ చాట్‌వుడ్ డైరెక్టరుగా వచ్చాడు, వేధశాల బేగంపేటకు మారింది, చిలీ వదిలేసిన పట్టీ హైదరాబాదు వాటా అయింది.

ఆ పని ఎలా సాగిందో కాస్త నింపాదిగా చూడాలి, ఎందుకంటే వాదమంతా దాని మీదే నిలబడుతుంది. కుక్ కంపెనీ చేసిన 8 అంగుళాల ఫొటో టెలిస్కోపును ఆకాశంలో ఒక చోటికి గురిపెడతారు. భూమి తిరుగుతుంటుంది కాబట్టి టెలిస్కోపు కూడా గడియార యంత్రంతో నక్షత్రాల వెంట నెమ్మదిగా తిరగాలి. ఒక మనిషి పక్కనున్న చిన్న దుర్బిణిలో ఒక నక్షత్రాన్ని దారపు గీటు మీద నిలబెడుతూ, జారితే సరిచేస్తూ ఉండాలి. మందు పూసిన గాజు పలక మీద చుక్కలు నల్లగా దిగుతాయి. నక్షత్రాలతో పాటే గళ్ల గీతలు కూడా అదే పలక మీద ముద్రిస్తారు, పలక కడిగి ఆరబెట్టినప్పుడు పూత సాగినా ముడుచుకున్నా గళ్లూ దానితో పాటే సాగుతాయి కాబట్టి తప్పు బయటపడుతుంది. ఇంత ముందుచూపు ఉన్న పద్ధతిని చూస్తే ఆ తరం మీద గౌరవం కలుగుతుంది. తర్వాత పగటిపూట మైక్రోస్కోపు కింద ఒక్కో చుక్క అడ్డం ఎంత, నిలువు ఎంత అని చదివి కాగితాల మీదికి ఎక్కించాలి. దక్షిణ పట్టీ ఫొటోలు 1914 నుంచి 1929 దాకా సాగాయి. ఆ పట్టీలో సుమారు 2,93,000 నక్షత్రాల స్థానాలు తేలాయి. జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల పూర్తిచేయలేక వదిలిన ఉత్తర భాగంలోంచి 36 నుంచి 39 డిగ్రీల ముక్కను కూడా హైదరాబాదే తీసుకుని 1928–1938 మధ్య మరో 1,49,000 నక్షత్రాలను లెక్కకెక్కించింది. మధ్యలో 1914లో వచ్చిన డైరెక్టరు రాబర్ట్ పోకాక్ 1918లో చనిపోయాడు, 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది, ఆ తర్వాతి పాతికేళ్ల బరువు చాలావరకు టి.పి. భాస్కరన్ మోశారు. పలకలు కొలిచినవారి పేర్లు అంకెలంతగా మనకు దక్కలేదు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఈ ప్రపంచ సర్వే మొత్తంగా విఫలమైందని చాలాకాలం ఖగోళవేత్తలే అన్నారు. పదిహేనేళ్లలో అవుతుందనుకున్నది అర్ధ శతాబ్దం దాటింది. యూరపు వేధశాలలు ఈ గుమాస్తా పనిలో కూరుకుపోయి ఉండగా అమెరికా పెద్ద అద్దాలు కట్టి, నక్షత్రాల కాంతిని విడదీసి, గెలాక్సీలు దూరమవుతున్న సంగతి తేల్చింది. అలాంటప్పుడు హైదరాబాదు చేసింది పాతబడ్డ పని కాదా? 1950లో నిలబడి చూస్తే ఈ మాటను కాదనడం కష్టం. అచ్చయిన సంపుటాలు బీరువాల్లో పడున్నాయి, కంప్యూటర్లు లేవు, ఒక వేధశాల కొలతను మరొకదానితో కలిపి చూసే ఓపిక ఎవరికీ లేదు. కానీ పహాణీ విలువ రాసిన రోజున తెలిసేది కాదు, దావా పడిన రోజున తెలుస్తుంది. ఆకాశం విషయంలో ఆ రోజు 1990లలో వచ్చింది.

1989 ఆగస్టు 8న ఐరోపా అంతరిక్ష సంస్థ హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపింది. దాని పని నక్షత్రాల స్థానాలు కొలవడం, అంతే. చివరి మోటారు వెలగక అది అనుకున్న కక్ష్య చేరలేదు, అయినా 1993 దాకా పనిచేసి 1,18,218 నక్షత్రాల దూరాలు, కదలికలు అంతకుముందెన్నడూ లేనంత కచ్చితంగా ఇచ్చింది. దానిలోనే ఉన్న టైకో అనే రెండో పరికరం పది లక్షలకు పైగా నక్షత్రాలను, కాస్త తక్కువ కచ్చితత్వంతో, చూసింది. ఆ పది లక్షల చుక్కల దగ్గర చిక్కొచ్చింది. స్థానం తెలిసింది, కదలిక తెలియలేదు. మూడేళ్ల చూపులో నక్షత్రం జరిగేది కొలతలో ఉండే తప్పు కంటే తక్కువ. అప్పుడు అమెరికా నౌకాదళ వేధశాలవాళ్లు బీరువాల్లోని పాత సంపుటాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, మళ్లీ లెక్కకట్టి, సుమారు 46 లక్షల నక్షత్రాల ఒకే జాబితాగా చేశారు. దాని సగటు కాలం 1907. ఈ పాత జాబితాను, మరికొన్ని భూతల జాబితాలను టైకో స్థానాలతో జోడిస్తే 2000 సంవత్సరంలో టైకో–2 పుట్టింది: 25 లక్షలకు పైగా నక్షత్రాలు, వాటి కదలికలతో సహా. హైదరాబాదు పట్టీల్లోని నక్షత్రాలకు ఆ కదలిక లెక్కలో పాత కొస హైదరాబాదు గాజు పలకే.

లెక్క చిన్నదే, కాగితం మీద వేసి చూడొచ్చు. ఆకాశంలో ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక ఆర్క్ సెకను. నూరేళ్ల నాటి గాజు పలకల కొలతలో తప్పు సుమారు పావు ఆర్క్ సెకను అనుకుందాం. 1920 నుంచి 1991కి 71 ఏళ్లు. పావును 71తో భాగిస్తే ఏడాదికి వచ్చే తప్పు ఆర్క్ సెకనులో దాదాపు మూడు వందల వంతే. ఉపగ్రహపు టైకో పరికరం ముతక పలక కంటే ఎన్నో రెట్లు నిశితమైనదే, అయినా మూడేళ్ల చూపుతో ఒంటరిగా ఈ ఫలితాన్ని అందుకోలేదు. ఎంత ఖర్చుపెట్టినా 1920కి వెనక్కి వెళ్లి ఇంకో ఫొటో తీసే రాకెట్టు లేదు. నేల మీది పాత పనికి అంతరిక్షపు కొత్త పరికరం మోకరిల్లిన ఘట్టం ఇదొక్కటే కాదు. హబుల్ గురి తప్పకుండా ఉండాలంటే దారి చూపే నక్షత్రాల పట్టిక కావాలి. సుమారు 1.9 కోట్ల చుక్కల ఆ మొదటి పట్టికనూ భూమి మీద తీసిన ఫొటో పలకల్లోంచే తయారుచేశారు.

గైయా వచ్చాక ఇదంతా పాత మాట కదా అని రెండో అభ్యంతరం. 2013 డిసెంబరు 19న ఎగిరిన గైయా, 2025 జనవరిలో చూపు ముగించేలోపు దాదాపు 180 కోట్ల వస్తువులను కొలిచింది. ప్రకాశవంతమైన నక్షత్రాల విషయంలో దాని నిశితత్వం ఎంతంటే, జనగామలో నిలబడి కోల్‌కతా అంత దూరాన పట్టుకున్న తల వెంట్రుక మందాన్ని గుర్తించడంతో సమానం. ఇప్పుడు ఒక నక్షత్రం ఏడాదికి ఎంత కదులుతుందో తెలియాలంటే ఎవరూ ముందుగా హైదరాబాదు సంపుటం తెరవరు. ఈ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ గైయా మొదటి అడుగు చూడండి. 2016లో తొలి ఫలితాలు ఇచ్చేనాటికి దాని దగ్గర ఉన్నది 14 నెలల చూపే. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల నక్షత్రం ఏడాదికొక చిన్న సున్నా చుట్టినట్టు కనిపిస్తుంది, దాన్ని బట్టే దూరం తేలుతుంది. ఆ నక్షత్రానికి సొంత కదలిక కూడా ఉంటుంది. 14 నెలల్లో రెండూ ముడిపడిపోయి విడివడవు. 1991 నాటి హిప్పార్కస్, టైకో స్థానాలను పాత కొసగా పెట్టుకుని 20 లక్షల నక్షత్రాలకు ఆ ముడి విప్పారు. ఆ విప్పడంలో హైదరాబాదు పలకలను నేరుగా వాడలేదు, వాడారని నేననను. వాడిన సూత్రం మాత్రం అదే: కొత్త చూపు ఎంత పదునైనా దానికి పాత కొస కావాలి.

పాత కొలత ఇంకా బతికే ఉన్న చోటు మరొకటుంది, నా దృష్టిలో అదే అన్నిటికంటే అందమైనది. 1844లో జర్మన్ ఖగోళవేత్త బెస్సెల్, మనం మృగవ్యాధుడని పిలిచే సిరియస్ తిన్నగా నడవడం లేదని, తూలుతూ పోతోందని గమనించాడు. దాని చెయ్యి పట్టుకుని ఎవరో కనపడనివారు నడుస్తున్నారన్నాడు. 1862లో అమెరికాలో ఆల్వన్ క్లార్క్ కొత్త కటకాన్ని పరీక్షిస్తూ ఆ తోడును కళ్లారా చూశాడు. ఆ జంట ఒక చుట్టు తిరగడానికి దాదాపు 50 ఏళ్లు. ఇంత నిదానంగా తిరిగే జంటను మూడేళ్ల ఉపగ్రహం చూస్తే తూలడం కనిపించదు, ఆ మూడేళ్ల వంపే సరళరేఖలా అనిపిస్తుంది. డెబ్బై, ఎనభై ఏళ్ల సగటు కదలిక ఒకవైపు, ఉపగ్రహం చూసిన మూడేళ్ల కదలిక ఇంకోవైపు పెట్టి, రెండూ కలవని నక్షత్రాలను ఏరితే కనపడని తోడు ఉన్నవి బయటపడతాయి. హిప్పార్కస్ కదలికలను టైకో–2 కదలికలతో పోల్చి పరిశోధకులు సరిగ్గా ఇలాగే అలాంటి నక్షత్రాలను ఏరారు. ఆ పోలికలో ఒక చేయి ఉపగ్రహానిదైతే రెండో చేయి గాజు పలకలది.

హైదరాబాదు పట్టీలో ఏముందో కూడా మన పాఠకుడికి తెలియాలి. దక్షిణ పట్టీలో అనూరాధలోని రెండు నక్షత్రాలున్నాయి, హస్తలో భాగముంది. జనగామ, మానుకోట, భూపాలపల్లి మూడూ హైదరాబాదుతో ఇంచుమించు ఒకే అక్షాంశం మీదివి, కాబట్టి ఈ పట్టీ అక్కడా దక్షిణాన సగానికి పైగా ఎత్తులో నడుస్తుంది. ఈ పట్టీలోనే హెలిక్స్ నెబ్యులా ఉంది, సుమారు 650 కాంతి సంవత్సరాల దూరాన సూర్యుడిలాంటి నక్షత్రం చనిపోతూ విడిచిన వాయు వలయం. హబుల్ తీసిన దాని చిత్రం చూసినవాళ్లు కన్నులా ఉందంటారు. హస్తకు దగ్గర్లోనే యాంటెన్నా గెలాక్సీలు, సుమారు 7 కోట్ల కాంతి సంవత్సరాల అవతల, ఒకదాన్నొకటి ఢీకొంటున్నాయి. బేగంపేట పలకల ధ్యేయం ఈ వింతలు కావు, వీటి చుట్టూ ఉన్న చుక్కల చోటు రాయడమే ఆ పలకల పని. ఉత్తర పట్టీలో అభిజిత్తు ఉంది. భారతంలో ఆకాశం నుంచి జారిపోయిందని చెప్పుకునే నక్షత్రం అదే. 1983లో ఐరాస్ అనే అంతరిక్ష టెలిస్కోపు పరారుణ కాంతిలో చూస్తే దాని చుట్టూ ధూళి చక్రం ఉందని తెలిసింది. మరో సూర్యుడి చుట్టూ అలాంటి ధూళి పట్టుబడటం అదే మొదటిసారి.

పదో వంతుకు మించని పనిని పట్టుకుని ఊరికే గొప్పలు పోతున్నామనవచ్చు. రెండు పట్టీలూ కలిపితే 4,40,000 పైచిలుకు, మొత్తం 46 లక్షల్లో దాదాపు పదో వంతే. పట్టీలుగా చీల్చిన సర్వేలో ఒక పట్టీ లేకపోతే ఆకాశం చుట్టూ ఆరు డిగ్రీల వెడల్పున చిరుగు మిగిలేది, చిలీ వదిలాక అది మిగలబోయింది కూడా. కాబట్టి ఇక్కడ వంతు కన్నా పూడ్చిన ఖాళీ ముఖ్యం.

అన్నిటికంటే బరువైన ప్రశ్న వేరే ఉంది. ఈ టెలిస్కోపులు ఎవరి డబ్బుతో నడిచాయి? 1908 తర్వాత నిజామియా సర్కారు ఖర్చు మీద బతికింది, సర్కారు ఖజానాకు భూమిశిస్తు పెద్ద ఆదాయం. బేగంపేటలో గాజు పలకలు కడుగుతున్న ఏళ్లలోనే అప్పటి నల్గొండ జిల్లా జనగామ తాలూకాలో వెట్టి సాగింది, దొరల గడీలు నడిచాయి. 1946 జూలై 4న ఆ తాలూకాలోని కడవెండిలో దొరను ఎదిరించిన రైతుల్లో ఒకడైన దొడ్డి కొమురయ్య తూటాకు నేలకొరిగాడు. ఆకలి ఉన్నచోట ఆకాశం కొలవడం ఎందుకని అడిగితే, వేధశాల మూసేస్తే ఆ డబ్బు కడవెండికి చేరేదని నేను నమ్మను, గడీల రాజ్యం అలా పంచే రాజ్యం కాదు. అంతమాత్రాన ఆ అప్పు తీరిపోదు. శిస్తు కట్టిన రైతులు ఆ పలకల మీద చుక్క ఒక్కటి కూడా చూడలేదు. జఫర్ జంగ్ పేరు, నిజాం పేరు చరిత్రలో ఉన్నాయి, ఆ పని ఖర్చు మోసిన ఊళ్ల పేర్లు ఆ చరిత్రలో లేవు. ఈ చరిత్రను జనగామ, మానుకోట, భూపాలపల్లిల చరిత్రగా రాయడానికి నాకున్న కారణం అదే. ఇప్పుడు బేగంపేట ఆవరణలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం నడుస్తోంది, దాని చిరునామాలో ఇప్పటికీ నిజామియా అబ్జర్వేటరీ పేరుంది.

అంకెలు మాత్రం ఇవాళ ఎవరి తాళంలోనూ లేవు. పాత జాబితా, టైకో–2, గైయా మూడూ ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ ఖగోళ సమాచార కేంద్రంలో ఉచితంగా దొరుకుతాయి. మానుకోటలో డిగ్రీ చదివే అమ్మాయి ఫోనులోనే వాటిని తెరవొచ్చు. అనూరాధ దగ్గర ఒక మసక చుక్కను ఎంచుకుని, పాత జాబితాలో అది ఉన్న చోటు, ఫొటో తీసిన సంవత్సరం రాసుకుని, పక్కన గైయా చెప్పిన 2016 నాటి చోటు పెట్టి, తేడాను ఏళ్లతో భాగిస్తే ఆ నక్షత్రం నడక వస్తుంది.